ఎలాస్టిక్ ప్యాంటు – మొదటి కుట్టుపాఠం



కుట్టుమిషను కొత్తగా నేర్చుకుంటున్నవారి కోసం ఈ పూట ఒక చిన్న పాఠం. ఆరేళ్ల పిల్లకో పిల్లవాడికో ఎలాస్టిక్ నడుముతో ప్యాంటు ఎలా కుట్టాలో చెప్పుకుందాం. దీనికి జేబులు లేవు, గుండీలు లేవు, జిప్పు లేదు. ఉన్నవి మూడే మూడు పొడుగు కుట్లు, ఆ పైన నడుముకీ కాళ్లకీ మడతలు. ఇది ఆడవాళ్ల కార్యక్రమమని మగవాళ్లు రేడియో కట్టేయనక్కర్లేదు. బజారులో మిషను తొక్కి ఇల్లు నడిపేవాళ్లలో మగవాళ్లు చాలామందే ఉన్నారు కదా!

ఎలాస్టిక్ ఎందుకు, బొందు ఉందిగా అనవచ్చు. మన ఇళ్లలో బొందు, బళ్లారి వీధిలో కన్నడంలో లాడి. పేరేదైనా అది ముడి పడిందంటే ఆరేళ్ల వేళ్లకు విడదు. ఒంటికి పోవాలని పరుగెత్తిన పిల్ల ముడితో పెనుగులాడి బట్టలు తడుపుకుంటుంది. తోటిపిల్లలు నవ్వుతారు. మర్నాడు బడికి పోనని మొండికేస్తుంది. ఇంట్లోవాళ్లు కడుపునొప్పేమో అనుకుంటారు. చిన్న తరగతులకు పాఠం చెప్పే మాకు ఇది కొత్త కాదు. ఇక సాగిపోయిన ఎలాస్టిక్ వేసుకున్న పిల్లలు డ్రిల్లు పీరియడులో ఒక చేత్తో నడుము పట్టుకునే పరుగెత్తుతారు. అందుకని ప్యాంటు కుట్టడమంటే పిల్ల తనంతట తాను విప్పుకుని, తనంతట తాను వేసుకునేటట్టు కుట్టడం.

ముందు గుడ్డ సంగతి. మెత్తని నూలుగుడ్డ, 44 అంగుళాల పన్నా, ఒక మీటరు చాలు. బళ్లారిలో ఉన్నాం, అటు రాయదుర్గంలోనూ అదే పని, జీన్స్ గుడ్డ చవగ్గా దొరుకుతుంది గదా అని దానితో మొదలుపెట్టకండి. దానికి 16వ నంబరు సూది కావాలి, మడతల దగ్గర మిషను మొరాయిస్తుంది. నూలుగుడ్డకు 14వ నంబరు సూది సరిపోతుంది. కొన్న గుడ్డను రాత్రంతా నీళ్లలో నానబెట్టి, నీడన ఆరేసి, ఇస్త్రీ చేశాకే కత్తెర పట్టండి. లేకపోతే మొదటి ఉతుక్కే ప్యాంటు చీలమండ దాటి పైకి పోతుంది.

ఇప్పుడు పెన్సిలు, పాత దినపత్రికలు దగ్గర పెట్టుకోండి. ఒక కాగితం చాలకపోతే రెండు అతికించండి. పిల్ల కొలతలు ఇవీ అనుకుందాం: నడుము 21 అంగుళాలు, సీటు 24, నడుము నుంచి చీలమండ దాకా పొడుగు 24. సీటు 24కు నాలుగంగుళాల వదులు కలిపితే 28. అందులో సగం 14. కాగితం మీద 14 వెడల్పు, 24 పొడుగు ఉన్న నిలువు పెట్టె గీయండి. ఒక కాలికి ఒకటే ముక్క, పక్క కుట్టు లేదు.

సీటులో మూడో వంతు ఎనిమిది. పెట్టె పైగీత నుంచి ఎనిమిదంగుళాలు దిగి ఒక అడ్డగీత గీయండి. ఆ గీతను కుడివైపు పెట్టె బయటకు ఒకటిన్నర అంగుళం పొడిగించండి, అది ముందువైపు. ఎడమవైపు మూడంగుళాలు పొడిగించండి, అది వెనకవైపు. మళ్లీ చెబుతున్నాను: ముందుకు ఒకటిన్నర, వెనక్కి మూడు. పెట్టె వెనక మూలను ఒక అంగుళం పైకి లేపి, అక్కడి నుంచి ముందు మూలకు ఏటవాలుగా గీత కలపండి.

ఈ వెనక ఎక్కువ ఎందుకంటే, మన పిల్లలు బడిలో కూర్చునేది నేల మీద. బాసింపట్టు వేసుకున్నప్పుడు వెనకవైపు గుడ్డ ఎక్కువ కావాలి. ముందూ వెనకా ఒకే కొలత పెట్టిన ప్యాంటు నిలబడితే బాగానే ఉంటుంది, కూర్చుంటే వెనక నడుము జారుతుంది, లేదా సీటు కుట్టు పిగులుతుంది. చాలామంది దారం మంచిది కాదని దారాన్ని తిడతారు. తప్పు కత్తిరింపులో ఉంటుంది.

పైమూలల నుంచి నిలువుగా అయిదారు అంగుళాలు దిగి, అక్కడి నుంచి కొడవలి వంపులా తిప్పి ఆ పొడిగించిన కొసలకు కలపండి. కింద కాలి వెడల్పు 12, అంటే పెట్టెకు రెండువైపులా ఒక్కో అంగుళం లోపలికి. ఆ గుర్తులకు పైకొసల నుంచి గీతలు దించితే కాలు తయారు. వంపులకీ కాలి గీతలకీ బయట అర అంగుళం కుట్టుకోసం వదలండి. పైన ఒకటిన్నర, కింద రెండు అంగుళాలు మడతకు వదలండి. పిల్ల ఎదుగుతుంది కదా!

గుడ్డను మంచివైపు లోపలికి ఉండేట్టు, అంచుకు అంచు కలిపి, నిలువున రెండు పొరలుగా మడవండి. కాగితం పరిచి రెండు పొరలూ ఒకేసారి కత్తిరించండి. అప్పుడే ఒకటి కుడికాలు, ఒకటి ఎడమకాలు వస్తుంది. విడివిడిగా కత్తిరిస్తే రెండూ ఒకే కాలికి వచ్చే ప్రమాదముంది. వెనకవైపు సుద్దతో గుర్తు పెట్టండి.

కుట్టేటప్పుడు ముందు ఒక్కో కాలికి లోపలి కుట్టు వేసి రెండు గొట్టాలు చేయండి. ఒక గొట్టాన్ని మంచివైపుకు తిప్పి, రెండోదాని లోపలికి దూర్చండి. మంచివైపులు ఒకదానికొకటి తగలాలి. ముందుకు ముందు, వెనక్కి వెనక. ఇప్పుడు ముందు నడుము నుంచి వెనక నడుము దాకా ఆ కొడవలి వంపును ఒకే కుట్టుగా తీసుకురండి. దాని పక్కనే రెండో వరస కూడా వేయండి. ప్యాంటు బలమంతా ఈ జానెడు వంపులోనే ఉంది.

నడుముకు పావు అంగుళం ఒకసారి, అంగుళంపావు ఇంకోసారి లోపలికి మడిచి కుట్టండి. వెనక రెండంగుళాలు కుట్టకుండా వదలండి. అంగుళం వెడల్పు ఎలాస్టిక్‌ను నడుముకంటే రెండు అంగుళాలు తక్కువగా, అతుకుకు ఒక అంగుళం ఎక్కువగా, అంటే 20 అంగుళాలు కత్తిరించండి. లంగాకు బొందు ఎక్కించినట్టే పిన్నీసు గుచ్చి ఎక్కించాలి. రెండో కొసను గుడ్డకు ఇంకో పిన్నీసుతో పట్టి ఉంచండి, లేకపోతే అదీ లోపలికి పోయి మళ్లీ మొదటికొస్తుంది. మెలి పడలేదని చూసుకుని, కొసలు అంగుళం మేర ఒకదానిమీద ఒకటి పెట్టి ముందు కచ్చాకుట్టు వేయండి.

అప్పుడు పిల్లకు తొడిగి చూడండి. నడుములో రెండు వేళ్లు సులువుగా దూరాలి. కాసేపటికి పొట్టమీద ఎర్రటి చార పడితే బిగువు, అర అంగుళం వదలండి. కూర్చోమనండి, గంతులేయమనండి, తనే విప్పుకోమనండి. ఇవన్నీ అయ్యాకే అతుకును మిషనుతో నాలుగువైపులా కుట్టండి. ఆ రెండంగుళాల సందును మాత్రం చేత్తో కుట్టండి. ఎలాస్టిక్ ప్యాంటుకంటే ముందే పోతుంది. అప్పుడు ఆ నాలుగు కుట్లు విప్పి కొత్తది ఎక్కించవచ్చు. వెనక నడుము లోపల చిన్న రంగు రిబ్బను ముక్క కుట్టి పెడితే, ఏది ముందో ఏది వెనకో పిల్ల ఎవరినీ అడగక్కర్లేదు.

కాళ్ల మడత పావు అంగుళం ఒకసారి, మిగిలినదంతా ఇంకోసారి. వచ్చే ఏడు పొట్టి అయితే ఆ మడత విప్పి దించండి. పాత మడత గీత తెల్లగా కనబడితే దానిమీద ఒక రంగు పట్టీ కుట్టేయండి.