పని నడిపించేవానికి మాటే పనిముట్టు
(తొండేభావిలో తెలుగు కుటుంబాల ముందు చేసిన ప్రసంగ పాఠం)

 

మన సరిహద్దు పల్లెల్లో నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: "వకీలు సారూ, తెలుగు చదివితే మావాడికి బెంగుళూరులో సాఫ్ట్‌వేరు ఉద్యోగం వస్తుందా?" ఇక్కడ రైలెక్కితే బెంగుళూరులో దిగే మనకు ఈ ప్రశ్న సహజమే. దానిని తేలికచేసి మాట్లాడను.

ఆ ఉద్యోగంలో మన పిల్లలు ఆశించే మెట్టు ప్రాజెక్టు మేనేజరు పదవి. కొత్తగా చేరినవాడు ప్రోగ్రాములు రాస్తాడు. కొన్నేళ్ళకు చిన్న బృందానికి నాయకుడవుతాడు. మేనేజరయ్యేనాటికి ప్రోగ్రాములు రాయడం బాగా తగ్గిపోతుంది. పని అప్పగించినవారు చెప్పీ చెప్పనట్లు చెప్పిన అవసరాన్ని గ్రహించాలి. పనిని పాళ్ళువేసి పంచాలి. ఎన్నాళ్ళు పడుతుందో, ఎంత ఖర్చవుతుందో అంచనా కట్టాలి. ఆలస్యమైతే దాచకుండా, తగవు రాకుండా తెలియజెప్పాలి. మా వకీళ్ళ వృత్తీ ఇంచుమించు ఇంతే! ఆ మాటలు ఎక్కువగా ఇంగ్లీషులో నడుస్తాయన్నది నిజం. ఇంగ్లీషు గట్టిగా నేర్పవలసిందే. రాష్ట్రభాష కన్నడమూ నేర్పవలసిందే. అయితే విని గ్రహించడం, విడమరచి చెప్పడం పిల్లవానికి మొదట అబ్బేది ఇంటిభాషలోనే.

ఒక రైతుబిడ్డ వృత్తి చరిత్ర చెబుతాను. ఆచార్య రాజ్‌రెడ్డి 1937లో నాటి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టారు. ఆ ఇంట కళాశాల గడప తొక్కిన మొదటివారు ఆయనే. 1958లో మద్రాసు గిండీ కళాశాలలో సివిల్ ఇంజనీరింగు పట్టా పొందారు. ఆస్ట్రేలియాలో ఐ.బి.ఎం. ఉద్యోగం చేసి, 1966లో స్టాన్‌ఫర్డులో డాక్టరేటు పొందారు. 1969లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం చేరి, మనిషి మాటను కంప్యూటరు గ్రహించే పరిశోధనను నడిపించారు. ఆ బృందంలో రూపొందిన 'హార్పీ' 1976 నాటికి వెయ్యికి పైగా మాటలను గుర్తుపట్టింది. 1994లో ట్యూరింగ్ పురస్కారం లభించింది. తరువాత ఆయన తలపెట్టిన పదిలక్షల పుస్తకాల ప్రాజెక్టులో మన బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థ భాగస్వామి. తెలుగు పుస్తకాలెన్నో అందులో కంప్యూటరుకెక్కాయి. అక్షరం రాని మన పిల్లలకు అవి ఉండీ ఏం లాభం?

ఇక చట్టం మాట. 1956లో ఏడవ సవరణతో రాజ్యాంగంలో చేరిన 350-ఎ అధికరణం, భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధన కల్పించడానికి ప్రతి రాష్ట్రమూ ప్రయత్నించాలంటుంది. 1949లో విద్యామంత్రుల సమావేశం ఒక కొలత పెట్టింది: తరగతిలో 10 మంది గానీ, బడి మొత్తంలో 40 మంది గానీ ఉంటే ఆ భాషలో బోధించే ఉపాధ్యాయుని నియమించాలి. 2014లో కర్ణాటకకు సంబంధించిన వ్యాజ్యంలోనే సుప్రీంకోర్టు, ప్రభుత్వం మాతృభాషా మాధ్యమాన్ని నిర్బంధించజాలదనీ, మాధ్యమాన్ని ఎంచుకోవడం తల్లిదండ్రుల వంతనీ తీర్పు చెప్పింది. ఆ తీర్పుపై నాకు అసంతృప్తి ఉంది. కానీ దాని ఫలితం స్పష్టమే: మనం అడగనిదే తెలుగు అయ్యవారు రారు.

ఫిర్యాదును రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఇచ్చుకోవచ్చునని 350వ అధికరణం చెబుతున్నది. అర్జీ కాగితం తెలుగులోనే రాసి తెచ్చాను. పదిమంది పిల్లల పేర్లు, తరగతులు, తల్లిదండ్రుల సంతకాలు కావాలి. సంతకాలు కూడా తెలుగులోనే పెట్టండి. రాయడం రానివారు వేలిముద్ర వేయండి, పక్కన పేరు నేను రాస్తాను.