గుట్టు చెడని సాయము

వ్యాధి సోకిన బిడ్డ వేరు. ఇంటిలోని వ్యాధి వలన నలిగిన బిడ్డ వేరు. హెచ్.ఐ.వి.ని గూర్చి మాటలాడునపుడు ఈ భేదమును మనము తరచు మరచుచుందుము. ఏ దోషమును లేని పిల్లవాడు కూడ, తల్లిదండ్రులు ఆ వ్యాధితో గతించినచో, ఊరిలో అదే చూపును భరింపవలసి వచ్చుచున్నది. 2017 నాటి హెచ్.ఐ.వి., ఎయిడ్స్ చట్టము ఈ ఇరువురిని ఒకే రక్షణ క్రిందికి తెచ్చినది.

జగిత్యాల, కోరుట్ల బీడీలకును, సిరిసిల్ల మరమగ్గములకును పేరుపడినవి. కొడుకును కోడలును గతించిన యింట మనుమల భారము బీడీలు చుట్టు అవ్వపై బడును. చేతులు ఆగిన దినమున పొయ్యియు ఆగును. బిడ్డను మందులకు తీసికొనిపోవుట యనగా ఆమెకు ఒకనాటి కూలిని వదలుకొని, ఇరువురి బస్సు చార్జీ పెట్టుకొనుట. మందు ఉచితమే. 2004 ఏప్రిల్ 1న ప్రభుత్వము ఏ.ఆర్.టి. ఔషధములను ఉచితముగా ఇయ్య నారంభించినపుడు ఆంధ్రప్రదేశ్ తొలి రాష్ట్రములలో ఒకటి. కాని అది దినము తప్పక, జీవితాంతము మ్రింగవలసిన మాత్ర. నడుమ మానుచుండినచో క్రిమి మందునకు లొంగకపోవచ్చును. కావున ధర్మసంస్థ ఇచ్చు పప్పు, గ్రుడ్లు, బస్సు చార్జీ చికిత్సలో భాగములే యని నా తలంపు. 2007లో మన రాష్ట్రమున ఆరంభమైన బాలసహయోగ కార్యక్రమము బిడ్డతోపాటు కుటుంబమునకంతకును తోడ్పడ యత్నించినది ఇందువలననే.

ఇక సాయము చేయు విధము. సంస్థ పేరు వ్రాసిన జీపు ఆ యింటి ముందర ఆగినచో చాలును, వాడకంతకును సంగతి తెలిసిపోవును. బియ్యపు బస్తా ప్రక్కన బిడ్డను నిలిపి ఛాయాచిత్రము తీయించువారు దాతలే కావచ్చును గాని, బడిలో ఆ బిడ్డ సరసన కూర్చుండువారిని కరవు చేసినవారగుదురు. నమ్మి చెప్పిన వ్యాధి సంగతిని సమ్మతి లేక వెల్లడించుట చట్టవిరుద్ధము. ఊరిలోని పేదపిల్లలందరితోపాటు ఆ బిడ్డకును పుస్తకములు ఇచ్చినచో అడుగువారుండరు.

దాతలు అంతగా పట్టించుకొనని సంగతి మరియొకటి కలదు. తల్లిదండ్రులు పోయిన పిమ్మట ఎకరము భూమియో, రెండు సాంచెలో, పెంకుటిల్లో మిగులును. పాలివారు ముందు ఓదార్తురు, పిమ్మట కాగితములు అడుగుదురు. ఆ పత్రములను భద్రపరచుటకు బాలల సంక్షేమ సమితిని ఆశ్రయింపవచ్చునని చట్టము చెప్పుచున్నది. అంతేకాదు, పండ్రెండేండ్లు నిండి, తెలివిడితో యిల్లు నడుపుచున్న అక్క, తమ్ముని బడిలో చేర్పించుటకును, బ్యాంకు ఖాతా నడుపుటకును సంరక్షకురాలు కావచ్చును. ఈ మాట బ్యాంకు గుమాస్తాకు నచ్చజెప్పి, ఆ పిల్ల ప్రక్కన ఒక పూట నిలుచుండు పెద్దమనిషి కావలెను.

ఆనాడు మందు మొదలిడిన పసివారు నేడు యువకులైరి. పెండ్లి మాట వచ్చుచున్నది. మందుల వలన క్రిమి పరీక్షకు అందనంతగా తగ్గి, అట్లే నిలిచినచో, సంపర్కము వలన భాగస్వామికి సోకదని వైద్యశాస్త్రము నిర్ధారించినది. ఈ మాట వారికి చెప్పువారు కావలెను. పదునెనిమిదేండ్లు నిండినంతనే ఫీజు నిలిపివేయు సంస్థలు, ఐ.టి.ఐ. చదువో, కుట్టుపనియో ముగియువరకు మరి రెండు మూడేండ్లు వారి చేయి వదలక యుండవలెనని కోరుచున్నాను.