దాతతో సంబంధం రమజాన్‌తో ముగియరాదు



నిధుల సేకరణ గురించి మాట్లాడమని మమ్మల్ని కోరారు. మేము ఒక పట్టణంలో పేద విద్యార్థుల ఫీజుల కోసం చిన్న సహాయనిధి నడుపుతున్నవాళ్ళము. ఈ విషయంలో మా విజయాలకన్నా పొరపాట్లే ఎక్కువ. కనుక వాటితోనే ప్రారంభిస్తాము.

మొదటి నాలుగేళ్ళు మేము నడిచిన దారి మీకందరికీ తెలిసినదే. రమజాన్ చివరి పదిరోజుల్లో రసీదు పుస్తకాలు పట్టుకుని దుకాణాలన్నీ తిరిగేవాళ్ళము. పండుగ మరునాడు లెక్క కట్టి, పుస్తకాలను బీరువాలో పెట్టి తాళం వేసేవాళ్ళము. దాత ముఖం మళ్ళీ చూసేది పదకొండు నెలల తరువాతనే. ఐదవ ఏట, తప్పక ఐదువందలు ఇచ్చే ఒక దర్జీ ఆ డబ్బు మా చేతిలో పెడుతూ, "పోయిన ఏడు సాయం చేసిన పిల్ల పాసయిందా?" అని అడిగారు. మా దగ్గర జవాబు లేదు. విచారించగా, ఆ అమ్మాయి నర్సింగ్ రెండవ సంవత్సరం ఫీజు కట్టలేక చదువు మానేసిందని తెలిసింది. మళ్ళీ అడగడానికి ఆమె సంకోచించింది. మేము వెళ్ళి అడగలేదు. దాతను మరచిన మేము విద్యార్థినినీ మరచిపోయాము.

ఆ విషయం దర్జీకి చెప్పాలా వద్దా అని మా కమిటీలో పెద్ద వాదమే జరిగింది. చివరకు ఇద్దరము వెళ్ళి చెప్పాము. ఆయన మందలించలేదు, ఓదార్చనూ లేదు. మరుసటి రమజాన్‌లో మాత్రం మాకు ఏమీ ఇవ్వలేదు.

ఇందులో మన అజాగ్రత్త ఒక్కటే కాదు, పంచాంగపు చిక్కు కూడా ఉన్నది. చాంద్రమాన సంవత్సరం ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2016లో రమజాన్ జూన్ నెలలో వచ్చింది. కళాశాలల ప్రవేశాలకు సరిగ్గా అందింది. 2025లో అది మార్చి నెలలోనే వచ్చింది. ఫలితాలు రాకముందే వసూలు ముగుస్తున్నది, ఫీజు గడువు నాటికి పెట్టె ఖాళీ అవుతున్నది. ఇకముందు ఈ ఎడం ఇంకా పెరుగుతుంది. జకాత్‌ను ఏడాది పూర్తికాకముందే వాయిదాలుగా చెల్లించవచ్చునని హనఫీ ఉలమా చెబుతారు. ఈ సౌలభ్యాన్ని మన దాతలకు వివరించినవారు ఎందరు?

ప్రభుత్వ సహాయం మన హక్కు, దానికోసం పోరాడవలసినదే. కాని 2022లో ఒకటి నుంచి ఎనిమిదవ తరగతి వరకు మైనారిటీ పిల్లల ప్రీమెట్రిక్ స్కాలర్‌షిప్‌ను ఆపివేశారు. పరిశోధక విద్యార్థుల మౌలానా ఆజాద్ ఫెలోషిప్ కూడా ఆ ఏడే నిలిచిపోయింది. విద్యాసంస్థలను స్థాపించి నడుపుకొనే హక్కును రాజ్యాంగం 30వ అధికరణ మనకిచ్చింది. నడపడానికి కావలసిన సొమ్ము ఆ అధికరణతోపాటు రాదు.

మన పెద్దలు ఈ సమస్యను ఎరుగనివారు కారు. 1866లో దేవ్‌బంద్ మదరసా మొదలైనప్పుడు మౌలానా ఖాసిం నానౌతవీ పాలకుల, సంపన్నుల అండకన్నా సామాన్యుల చిన్న చందాలనే నమ్ముకోమన్నారు. ఇచ్చినవారి వివరాలు వార్షిక నివేదికల్లో అచ్చయ్యేవి. సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ అలీగఢ్ కళాశాల కోసం చేయి చాచని చోటు లేదు. పుస్తకాలు అమ్మారు, వృద్ధాప్యంలో వేదిక కూడా ఎక్కారు. దాతల పేర్లు కళాశాల గోడల మీద చెక్కించారు. అంతటి మనిషి నడిపిన సంస్థలోనే 1895లో ఒక గుమాస్తా లక్ష రూపాయలకు పైగా అపహరించిన సంగతి బయటపడింది. ఆ దెబ్బ ఆయన చివరి రోజులను కుంగదీసింది. వ్యవస్థాపకుని నిజాయితీ ఖాతా పుస్తకాన్ని కాపాడలేదు. "మనవాళ్ళే కదా, లెక్కలెందుకు?" అనే మాట వినిపించినప్పుడల్లా మాకు అలీగఢ్ గుర్తుకు వస్తుంది.

దర్జీ సంగతి తరువాత మేము చేసినవి గొప్ప పనులేమీ కావు. జకాత్‌కు, సాధారణ విరాళాలకు వేర్వేరు బ్యాంకు ఖాతాలు తెరిచాము. జకాత్ సొమ్ము అర్హుని చేతికే చేరాలని, భవనాలకు వాడరాదని ఎక్కువమంది ఉలమా అభిప్రాయం కాబట్టి, ఆ రెండూ కలిస్తే దాత ధర్మాన్నే మనము చెడగొట్టినవాళ్ళమవుతాము. ప్రతి మూడు నెలలకు ఒక పేజీ ఉత్తరం పంపుతాము. ఎంత వచ్చింది, ఎంత పోయింది, ఎందరు పాసయ్యారు, ఎందరు మానేశారు అన్నీ అందులో ఉంటాయి. మానేసినవారి సంఖ్య రాయవద్దని కొందరు సభ్యులు ఇప్పటికీ అంటారు. మేము ఒప్పుకోలేదు.

ఫోటోల విషయం కూడా చెప్పాలి. ఒక ఏడు చెక్కు అందుకుంటున్న కుర్రవాడి బొమ్మను వాట్సాప్‌లో పంచాము. దాతలు సంతోషించారు, ఆ కుర్రవాడు మళ్ళీ మా కార్యాలయం గడప తొక్కలేదు. ఇచ్చినదాన్ని ఎత్తిచూపి మనసు నొప్పించి దానఫలాన్ని పాడుచేసుకోవద్దని ఖుర్ఆన్ హెచ్చరించింది దాతలనే కావచ్చు, మధ్యవర్తులకు అది వర్తించదా? ఇప్పుడు ఉత్తరాల్లో పేర్లుండవు, చదువు వివరమే ఉంటుంది.

గల్ఫ్ మిత్రుల గురించి ఒక మాట. భారత పౌరసత్వం ఉన్నవారు అక్కడి సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపేది విదేశీ విరాళం కాదు. అమెరికా వంటి దేశాల పౌరసత్వం తీసుకున్నవారు, మన బంధువులైనా, ఇచ్చేది విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్‌ఏ అనుమతి లేనిదే తీసుకోరాదు. ఈ తేడా తెలియక మంచి సంస్థలు చిక్కుల్లో పడవచ్చు. బావమరిది పంపాడని మొహమాటపడకండి.

ఆ దర్జీ రెండేళ్ళ తరువాత తానే వచ్చారు. మసీదు బోర్డు మీద అంటించిన మా ఉత్తరం చదివారట. నెలకు వంద రూపాయలు ఇస్తానన్నారు, ఇస్తున్నారు. ఆ అమ్మాయి మాత్రం తిరిగి చదువులో చేరలేదు. అప్పటికి ఆమె పెళ్ళయిపోయింది.

మా మూడు నెలల ఉత్తరం నమూనా, ఖాతా పుస్తకపు పేజీలు బయట బల్ల మీద ఉంచాము. కావలసినవారు తీసుకోండి. మీ పద్ధతి ఇంతకన్నా మెరుగైనదైతే, భోజనాల వేళ మాకు చెప్పండి.