హోల్‌స్ట్ బ్యాండు రచనలు: వినవలసిన తీరు

కాన్సర్ట్ బ్యాండు అంటే వయొలిన్ల బృందం లేకుండా, ఫ్లూటు, క్లారినెట్ వంటి ఊదే వాద్యాలూ, ట్రంపెట్, ట్రాంబోన్, ట్యూబా వంటి ఇత్తడి వాద్యాలూ, డ్రమ్ములూ కలిసి సభలో కూర్చొని వాయించే మేళం. పెళ్లి ఊరేగింపులోని బ్యాండు మేళాన్నీ, పోలీసు కవాతులోని బ్యాండునూ విన్న తెలుగు శ్రోతలకు ఆ ధ్వని పరిచితమే గాని, అటువంటి మేళం కోసమే గంభీరమైన సంగీతం రచించిన వారున్నారన్న సంగతి అంతగా తెలియదు. ఇంగ్లండులో సైతం 20వ శతాబ్దం ఆరంభంలో సైనిక బ్యాండ్లు కవాతు బాణీలతో పాటు ఎక్కువగా ఆపెరాల నుంచీ, ఆర్కెస్ట్రా కృతుల నుంచీ మార్చి రాసుకున్న భాగాలనే వాయించేవి. ఆ స్థితిలో, 1909లో, బ్యాండు స్వభావాన్ని ఎరిగి దానికోసమే ఒక స్వతంత్ర కృతిని రచించినవాడు గుస్టావ్ హోల్‌స్ట్.

ఆయన 1874లో చెల్టెన్‌హామ్‌లో సంగీతకారుల ఇంట పుట్టాడు. పియానో వాద్యకారుడు కావలసినవాడు కుడిచేతి నరాల జబ్బు వల్ల ఆ ఆశ వదులుకొని, లండన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ మ్యూజిక్‌లో రచన అభ్యసించి, కొన్నేళ్లు ఆపెరా బృందంలోనూ ఆర్కెస్ట్రాలోనూ ట్రాంబోన్ వాయించి బతికాడు. ఇత్తడి వాద్యాన్ని ఎక్కడ ఊపిరి తీసుకొని ఊదాలో, ఏ స్థాయిలో అది నిండుగా పలుకుతుందో పుస్తకం చూసి గాక పెదవులతో తెలుసుకున్నవాడు కనుకనే ఆయన బ్యాండు రచనల్లో వాద్యకారుణ్ణి వృథాగా శ్రమపెట్టే చోటు అరుదుగా కనిపిస్తుంది.

ఆ 1909 నాటి కృతి పేరు ‘ఫస్ట్ సూట్ ఇన్ ఇ ఫ్లాట్’. సూట్ అంటే వేర్వేరు నడకలు గల కొన్ని భాగాల వరుస. ఇందులోని మూడు భాగాల్లో మొదటిది షాకోన్. ఒక చిన్న స్వరపంక్తిని మళ్లీ మళ్లీ వినిపిస్తూ, దాని చుట్టూ ఉన్న సంగీతాన్ని మార్చుకుంటూ పోయే రచనా పద్ధతికి ఆ పేరు. కీర్తనలోని సంగతులలో పల్లవి పంక్తి తానే క్రమంగా విస్తరిస్తుంది. షాకోన్‌లో పంక్తి చాలావరకు నిలకడగా ఉంటుంది, మారేది దానిమీద అల్లుకొనే పై స్వరాలూ, లయా, వాద్యాల రంగూ. హోల్‌స్ట్ ఎనిమిది తాళావర్తాల పంక్తిని ట్యూబా, యుఫోనియం అనే మంద్రస్థాయి వాద్యాలతో మెల్లగా మొదలుపెట్టి 16 సార్లు నడిపిస్తాడు. నడుమ ఒకచోట ఆ పంక్తి తలకిందులవుతుంది, అంటే పైకి వెళ్లే స్వరాలు కిందికీ, కిందికి దిగేవి పైకీ సాగుతాయి. అక్కడ ధ్వని కూడా తగ్గి, వెలుగు మందగించినట్లవుతుంది. తరువాతి రెండు భాగాలైన ఇంటర్‌మెట్సో, మార్చ్ కూడా ఈ పంక్తిలోని స్వరాల మలుపు నుంచే పుట్టాయి; అందుకే మూడింటినీ మధ్యలో ఆపకుండా వాయించాలని రచయిత కోరాడు. మార్చ్‌లో ఇత్తడి వాద్యాల బింకపు బాణీ, ఆ తరువాత వచ్చే సాగుడు బాణీ విడివిడిగా వినిపించి, చివరకు ఒకదానిపై ఒకటి ఏకకాలంలో వస్తాయి. ఇంత పకడ్బందీ నిర్మాణం ఇంత తేలికగా చెవికెక్కడం ఈ కృతి గొప్పతనం. ‘ది ప్లానెట్స్’ అనే ఆర్కెస్ట్రా కృతి తెచ్చిన కీర్తి వెనుక ఇది మరుగున పడడం న్యాయం కాదు.

1911లో రచించిన రెండవ సూట్ ఇంగ్లండు జానపద బాణీల మీద నడుస్తుంది.

మొదటి సూట్‌లో ఒక చిన్న పంక్తి నుంచే మూడు భాగాలనూ అల్లిన పొదుపు ఆయన ఉపాధ్యాయ వృత్తితో పెనవేసుకున్నది. 1905 నుంచి మరణించేవరకు సెయింట్ పాల్స్ బాలికల పాఠశాలలోనూ, 1907 నుంచి పగలంతా పనిచేసి సాయంత్రం చదువుకునేవారి కోసం నడిచే మోర్లీ కాలేజీలోనూ ఆయన సంగీతం బోధించాడు. 17వ శతాబ్దపు రచయిత పర్సెల్ కృతి ‘ది ఫెయిరీ క్వీన్’ ప్రతులు దొరకని కాలంలో, వాద్యభాగాలను మోర్లీ విద్యార్థుల చేతనే రాయించి 1911లో వారిచేతనే పాడించాడు. ఉన్న మనుషులతో, ఉన్న వాద్యాలతో పని నెరవేర్చడం ఆయన పద్ధతి. మొదటి సూట్‌లోనూ కొన్ని వాద్యాలు లేకపోయినా పని సాగేలా వాటిని ఐచ్ఛికంగా గుర్తించాడు. సంస్కృతం నేర్చుకొని ఋగ్వేద సూక్తాలను తానే ఇంగ్లీషులోకి మార్చి బృందగానాలుగా కూర్చినవాడూ, సావిత్రి కథను ముగ్గురు గాయకులతో చిన్న ఆపెరాగా మలచినవాడూ ఈయనే అన్నది భారతీయ శ్రోతలు ప్రత్యేకంగా గుర్తించదగిన విషయం.

బాలికల పాఠశాల ఉన్న పేట పేరుతోనే 1930లో ఆయన ‘హామర్‌స్మిత్’ అనే బ్యాండు కృతి రచించాడు; అందులో మంద్రంగా పారే నదీ, దాని పక్కన సంత కోలాహలమూ ఒకదానినొకటి పట్టించుకోకుండా సాగుతాయి. ఇది మొదటి సూట్ కంటే లోతైనది, వినడానికి కష్టమైనది కూడా. 1934లో ఆయన మరణించాడు.

కొత్తగా వినేవారు మొదటి సూట్‌తోనే ప్రారంభించడం మంచిది; మొత్తం కృతి పన్నెండు నిమిషాలకు మించదు, ఫ్రెడరిక్ ఫెన్నెల్ నిర్వహణలోని రికార్డింగులు ప్రసిద్ధమైనవి. తొలిసారి ట్యూబా పలికే పంక్తిని మాత్రమే వెంబడించి, రెండోసారి దానిపైన జరుగుతున్నదానిని వినండి.