వెన్నెముక క్షయ: పంచాయతీ సభ్యుల కర్తవ్యము



క్షయ యనగానే మనకు దగ్గు, కఫము స్ఫురించును. కాని యీ వ్యాధి యెముకలకును సోకును. 1882లో రాబర్ట్ కాక్ కనుగొన్న క్షయక్రిములే రక్తముద్వారా వెన్నుపూసలను చేరి, వాటిని క్రమముగా తినివేయును. ఎముకల క్షయగలవారిలో ఇంచుమించు సగముమందికి అది వెన్నెముకకే వచ్చుచున్నది. పూస కూలినచో గూని యేర్పడును. చీము వెన్నుపామును నొక్కినచో కాళ్లు చచ్చుబడును. ఇది పూర్వజన్మ పాపమును కాదు, దేవతల ఆగ్రహమును కాదు. సకాలమున మందు వాడినచో కుదురు వ్యాధి.

దీనిని గుర్తించుట యెట్లు? వెన్నునొప్పి వారములతరబడి తగ్గకుండుట, రాత్రివేళ బాధించుట, వెన్ను బిగుసుకొనుట ముఖ్య లక్షణములు. సాయంకాలపు జ్వరము, ఆకలి మందగించుట, బరువు తగ్గుట కొందరిలో కనబడును, కొందరిలో కనబడకపోవచ్చును. నేలపై పడిన వస్తువును బిడ్డ నడుము వంచక, మోకాళ్లు ముడిచి తీసికొనుచున్నచో అనుమానింపవలెను. కాళ్లు తిమ్మిరెక్కినను, నడక తడబడినను, మూత్రము బిగిసినను ఒక్కదినమైనను ఆలస్యము చేయక పెద్దాసుపత్రికి చేర్పవలెను.

నడుము పట్టినదని తలచి వీపు మర్దించుట, వాతలు పెట్టించుట మన పల్లెలలో కలదు. కూలుచున్న పూసను మర్దించుట అపాయకరము. పోయిన కాలము తిరిగి రాదు.

వ్యాధి తొలిదశలో ఎక్స్‌రేలో తెలియకపోవచ్చును, ఎం.ఆర్.ఐ. పరీక్షలో ముందుగనే బయటపడును. పూసనుండి సూదితో తీసిన ముక్కను పరీక్షించి క్రిములను, వాటిపై మందు పనిచేయునో లేదో తెలిసికొందురు. కఫములో క్రిములు లేనంతమాత్రమున వెన్నెముక క్షయ లేదని నిశ్చయింపరాదు.

చికిత్సలో సాధారణముగా మొదటి 2 నెలలు నాలుగు మందులు, పిదప 10 నెలలు మూడు మందులు ఇత్తురు. కొందరికి 18 నెలలవరకు అవసరమగును. శస్త్రచికిత్స అందరికిని అక్కరలేదు; మందులతో పక్షవాతము తగ్గనప్పుడును, వెన్ను నిలకడ తప్పినప్పుడును చేయుదురు. వారణాసిలో పనిచేసిన డాక్టరు ఎస్. ఎం. తులి 1975లో ప్రకటించిన మధ్యేమార్గము ఇదియే. నొప్పి తగ్గినదని నడుమ మందు మానినచో వ్యాధి తిరుగబెట్టును. మందులకు లొంగని క్షయగా మారవచ్చును.

ప్రభుత్వాసుపత్రులలో క్షయ మందులు ఉచితము. పోషకాహారమునకై 2018 నుండి నెలకు 500 రూపాయలుగా నున్న సహాయము 2024 నవంబరు నుండి 1,000 రూపాయలైనది. 2023లో క్షయరహిత పంచాయతీల కార్యక్రమమును ప్రారంభించిరి.

కావున ప్రతి సభ్యుడును తన వార్డులో దీర్ఘకాలపు వెన్నునొప్పి గలవారిని ఆశా కార్యకర్తతో కలిసి విచారింపవలెను. ఆసుపత్రికి బండి లేనివారికి బండి కుదుర్పవలెను. మందు పుచ్చుకొనువారిని ఏడాది పొడవున కనిపెట్టియుండవలెను. రోగిని వెలివేయరాదు, ఊపిరితిత్తులలో వ్యాధి లేనిచో ఇది యితరులకు అంటదు. ఒక్క మనిషి మంచము పట్టకుండ కాపాడినచో ఒక కుటుంబము నిలిచినట్లే.