బీమా సంస్థల సామాజిక బాధ్యత – ఉద్యోగి సంక్షేమం
(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)



షోలాపూరు నగరంలో డెబ్బది అయిదు సంవత్సరాలుగా తెలుగు అక్షరాన్ని నిలిపి ఉంచిన ఈ విద్యాలయంలోనే నేను ఓనమాలు దిద్దుకొన్నాను. మా నాయనగారు మరమగ్గం నడిపేవారు. మా అమ్మ బీడీలు చుట్టేది. ఇక్కడ నేర్చిన చదువుతో ఒక బీమా సంస్థలో గుమాస్తాగా చేరి, ముప్పది మూడు సంవత్సరాలు పనిచేసి, అధికారిగా పదవీ విరమణ పొందాను. కావున నాకు తెలిసిన విషయమే మాట్లాడుతాను. ఒక బీమా సంస్థ సమాజానికి ఏమి చేయాలి? తన వద్ద పనిచేసేవారికి ఏమి చేయాలి? ఈ రెండింటికీ గల సంబంధమేమిటి?

బీమా వ్యాపారంలోని ధనం సంస్థది కాదు. అది వేలాది కుటుంబాలు నమ్మి అప్పగించిన సొమ్ము. ఈ భావనతోనే 1956లో జీవిత బీమా జాతీయం చేయబడినది. ఆనాటి కేంద్ర ఆర్థిక మంత్రి చింతామణి దేశ్‌ముఖ్ గారు. మహారాష్ట్రకు చెందిన ఆయన మన రాజమహేంద్రవరపు ఆడపడుచు, ఆంధ్ర మహిళా సభ స్థాపకురాలు దుర్గాబాయమ్మ గారి భర్త అన్న సంగతి, ఈ రెండు భాషల నడుమ బ్రతికే మనకు సంతోషదాయకం. 245 సంస్థలను కలిపి, అయిదు కోట్ల రూపాయల మూలధనంతో, 1956 సెప్టెంబరు 1న జీవిత బీమా సంస్థ ఏర్పడినది. పట్టణాలకే పరిమితమైన బీమాను పల్లెలకు, పేదలకు చేర్చుట దాని ఆశయాలలో ఒకటి.

ఆ ఆశయం మన వీధులకు కూడా చేరింది. 2000వ సంవత్సరంలో జనశ్రీ బీమా యోజన వచ్చినది. చేనేతవారు, బీడీ కార్మికులు వంటి శ్రామిక వర్గాలకు ఉద్దేశించిన ఆ పథకంలో ప్రీమియంలో సగం సామాజిక భద్రతా నిధి నుండి చెల్లించేవారు. 2001 డిసెంబరులో దానికి శిక్షా సహయోగ్ యోజన తోడైనది. బీమా పొందిన కుటుంబంలోని పిల్లలకు తొమ్మిదవ తరగతి నుండి పన్నెండవ తరగతి వరకు నెలకు నూరు రూపాయల ఉపకార వేతనం లభించేది. నూరు రూపాయలు నేడు స్వల్పంగా తోచవచ్చును. కానీ తొమ్మిదవ తరగతి అనగా, మన ఇండ్లలో పిల్లవాణ్ణి మగ్గం వద్దకు, పిల్లను బీడీల చాట వద్దకు పిలిచే వయస్సు. ఆ వయస్సులో బడి మాన్పించకుండా ఆపగల సొమ్ము ఎంతైనా పెద్దదే.

తరువాత 2013 నాటి కంపెనీల చట్టం ఈ బాధ్యతను శాసనంగా మార్చినది. నిర్ణీత స్థాయికి మించిన కంపెనీలు గడచిన మూడు సంవత్సరాల సగటు లాభంలో రెండు శాతం సామాజిక కార్యాలకు వెచ్చించవలెను. అందులో విద్య ఒకటి. ఈ విధానంలో ఒక నియమం నాకు మిక్కిలి నచ్చినది. కేవలం తన ఉద్యోగులకే మేలు చేసే ఖర్చును సంస్థ ఈ పద్దులో చూపరాదు. ఉద్యోగికి చెల్లవలసినది అతని హక్కు. దానిని దాతృత్వంగా లెక్క వ్రాసుకొనుటకు వీలులేదు.

ఈ భేదం నాకు పుస్తకం ద్వారా తెలియలేదు. నేను పనిచేసిన ఒక కార్యాలయంలో ఒక కాపలాదారు ఉండేవాడు. అందరమూ మరాఠీ వాడుక ప్రకారం అతనిని ‘మామా’ అని పిలిచేవారము. మాకంటె ముందు వచ్చేవాడు, మా తరువాత ఇంటికి వెళ్లేవాడు. కాని అతడు గుత్తేదారు మనిషి. ఒక వర్షాకాలపు రాత్రి ఇంటికి పోతూ రహదారి ప్రమాదంలో మరణించాడు. విచారించగా అతని పేర భవిష్య నిధి కట్టలేదు, ఈఎస్ఐ లేదు, ఏ బీమా పత్రమూ లేదు. పగలంతా బీమా మాట్లాడే ఆ భవనం తలుపు వద్ద నిలిచిన మనిషికి బీమా లేదు! అదే మాసంలో మా కార్యాలయం ఒక పాఠశాలకు బల్లలు దానం చేసి, ఛాయాచిత్రం తీయించుకొన్నది. ఆ చిత్రంలో నేనూ ఉన్నాను.

మేము చందాలు వేసుకొని అతని భార్యకు కొంత సొమ్ము ఇచ్చాము. ఆమె తీసుకొని, ‘‘అయ్యా, మీరు ఇంటింటికీ వెళ్లి చెబుతారు గదా, ఆయనకు ఎవరూ చెప్పలేదా?’’ అని అడిగినది. నా వద్ద సమాధానం లేదు. తప్పు గుత్తేదారుదే అని మనస్సును సమాధానపరచుకోవచ్చును. కాని ఆరేళ్లు ప్రతిదినం అతని నమస్కారం స్వీకరించినవాణ్ణి నేను. తరువాత మా ఉద్యోగుల విన్నపం మీద, భవిష్య నిధి, ఈఎస్ఐ చెల్లించిన రసీదులు చూపనిదే గుత్తేదారు బిల్లు చెల్లించరాదని మా కార్యాలయంలో నిర్ణయించారు. ఒక్క కాగితం అడిగినందున ఎన్నో కుటుంబాలకు రక్షణ కలిగినది. అది ముందే అడిగి ఉండవలసినది.

ఉద్యోగుల సంక్షేమ విధానాలు ఎవరి దయవలననో ఏర్పడినవి కావు. జీవిత బీమా సంస్థ ఉద్యోగులకు పింఛను నియమావళి 1995లో వచ్చినది. ప్రసూతి సెలవు 2017 సవరణతో ఇరువది ఆరు వారాలైనది. పనిచేసే చోట స్త్రీల రక్షణకు 2013లో ప్రత్యేక చట్టం వచ్చినది. వీని వెనుక కార్మికుల, మహిళల దీర్ఘకాల పోరాటాలున్నవి. ఈ సభలో యజమానులైన పూర్వ విద్యార్థులు ఉన్నారు. మీ కార్ఖానాలలో ఇవి ఎంతవరకు అమలగుచున్నవో ఒకసారి చూచుకొనగలరని నా మనవి.

తల్లిదండ్రులకు ఒక మాట. మీ పాలసీలో నామినీ పేరు సరిగా ఉన్నదా, వాయిదా తప్పిపోలేదా, ఆ పత్రం ఎక్కడున్నదో ఇంటివారికి తెలుసునా? ఈ మూడూ నేటి రాత్రే చూడండి.

చివరగా మన పాఠశాల సంగతి. ఈ జూబిలీ సందర్భంగా క్రొత్త గదులకై సంస్థల నుండి విరాళాలు కోరుచున్నాము. మంచిదే. కాని ఉదయం గదులు ఊడ్చే ఆయమ్మకు, గంట కొట్టే మామకు, పిల్లలను తెచ్చే బండి డ్రైవరుకు బీమా ఉన్నదా? 2022 జూన్ నుండి ప్రధానమంత్రి జీవన జ్యోతి బీమాకు ఏడాదికి 436 రూపాయలు, సురక్షా బీమాకు 20 రూపాయలు. రెండూ కలిపి 456 రూపాయలు. బ్యాంకు ఖాతా ఉండి, మొదటిదానికి ఏబది, రెండవదానికి డెబ్బది సంవత్సరాలు మించనివారు చేరవచ్చును. ఒక్కొక్క దానిలో రక్షణ రెండు లక్షలు. వయస్సు మించినవారికి మరొక ఏర్పాటు మనమే ఆలోచించాలి. ఈ ఖర్చును పూర్వ విద్యార్థుల సంఘం ఏటా భరించవలెనని ప్రతిపాదిస్తున్నాను. మొదటి సంవత్సరపు సొమ్ము నేను ఈ దినమే ప్రధానోపాధ్యాయుల వారికి అందజేస్తాను.

దాతల పేర్లు చెక్కిన పాలరాతి పలక గోడకు ఎక్కుటకు ముందే ఆ పని పూర్తికావాలని కోరుతున్నాను.