వెనక గదికి వైఫై రావాలంటే ముందు వైరు పోవాలి

ఈ ఎపిసోడ్ హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వైపు మన ఇళ్ల గురించి. హాల్లో వైఫై సూపర్, వెనక గదికి పోతే సున్న. మీ ఇంట్లోనూ ఇదే కథ అయితే కాస్త ఓపిగ్గా వినండి. ఏం కొనాలో తర్వాత, ముందు ఏం కొనకూడదో చెప్తాను.

ధర్మవరంలో ఒక నేతపని చేసేవాళ్ల ఇంటికి పోయాను. ముందు గదిలో రూటర్, వెనక గదిలో మగ్గం. వాళ్లమ్మాయి డిగ్రీ చదువుతూ వీడియో కాల్‌లో పట్టుచీరలు అమ్ముతుంది. కొనేవాళ్లు కొంగు చూస్తారు, అంచు చూస్తారు, తర్వాత "మగ్గం మీద ఉన్నది కూడా చూపించమ్మా" అంటారు. ఫోన్ పట్టుకుని వెనక్కి నడుస్తుంది. నడి గది దాటగానే కాల్ కట్. మళ్లీ చేసేలోపు అవతలివాళ్లు ఇంకో చోట చూసుకుంటారు. ఇంటిల్లిపాదీ రోజుల తరబడి కష్టపడి నేసిన చీర, బేరం పోయేది మాత్రం పది సెకన్లలో.

"అన్నా, ప్లాన్ పెంచుదామా?" అని అడిగింది. వద్దమ్మా అన్నాను. ప్లాన్ పెంచితే రూటర్ దాకా వచ్చే స్పీడ్ పెరుగుతుంది, గోడ దాటే సిగ్నల్ పెరగదు. మన పాత ఇళ్లలో మందపాటి రాతి గోడలు, కొత్త ఇళ్లలో స్లాబు నిండా ఇనుప కడ్డీలు. 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్ గోడలు కొంచెం దాటుతుంది కానీ స్పీడ్ తక్కువ. 5 గిగాహెర్ట్జ్‌కి స్పీడ్ ఎక్కువ, కానీ ఒకటి రెండు గోడలకే నీరసపడిపోతుంది.

వాళ్లు అప్పటికే రిపీటర్ ఒకటి కొని మగ్గం పక్కనే పెట్టుకున్నారు. ఫోన్‌లో పాయింట్లు ఫుల్, వీడియో మాత్రం తిరుగుతూనే ఉంటుంది. ఎందుకు? రిపీటర్ గాల్లో అందుకున్నదాన్నే మళ్లీ గాల్లోకి వదులుతుంది. అందుకునేదీ పంపేదీ ఒకే రేడియో అయితే స్పీడ్ దాదాపు సగం అవుతుంది. పైగా సిగ్నల్ చచ్చిపోయిన చోట పెడితే దానికి అందేదే ఏమీ లేదు, ఇంక మనకేం ఇస్తుంది? హిందూపురంలో నీళ్ల ట్యాంకర్ల కోసం ఎదురుచూసినవాళ్లకి ఇది తొందరగా అర్థమవుతుంది. పైపు రాని చోట ఎన్ని కొళాయిలు బిగించినా నీళ్లు రావు.

కాబట్టి పైపు వేయాలి. అంటే ఈథర్‌నెట్ కేబుల్. క్యాట్ 6 తీసుకోండి, లోపల అసలు రాగి ఉందో లేదో అడగండి. అల్యూమినియం తీగకి రాగి పూత పూసినవి చౌకగా దొరుకుతాయి, వాటి జోలికి పోవద్దు. ఒక కేబుల్ 100 మీటర్ల దాకా పనిచేస్తుంది, మన ఇళ్లకి చాలా ఎక్కువ. రాతి గోడకి రంధ్రం కష్టమైతే కిటికీ మూల నుంచి తీయండి. కరెంటు వైర్లున్న పైపులో మాత్రం దూర్చకండి.

రెండో చివర యాక్సెస్ పాయింట్ పెట్టాలి. కొత్తది కొనక్కర్లేదు, మూలన పడేసిన పాత రూటర్ చాలు. సెట్టింగ్స్‌లో యాక్సెస్ పాయింట్ మోడ్ ఉంటే ఆన్ చేయండి. లేకపోతే మూడు పనులు చేయాలి. మెయిన్ రూటర్ అడ్రస్ 192.168.1.1 అయితే దీనికి 192.168.1.2 ఇవ్వండి. డీహెచ్‌సీపీ ఆఫ్ చేయండి. కేబుల్‌ని వ్యాన్ పోర్టులో కాకుండా ల్యాన్ పోర్టులో పెట్టండి.

చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. రెండో డబ్బాని కూడా రూటర్‌లాగే వదిలేస్తే ఇంట్లో రెండు నెట్‌వర్క్‌లు తయారవుతాయి. గది మారగానే ఫోన్‌కి ఐపీ అడ్రస్ మారిపోతుంది, కాల్ తెగుతుంది. యాక్సెస్ పాయింట్ అయితే అడ్రస్ అదే ఉంటుంది.

ఇప్పుడు రోమింగ్ సంగతి. రెండింటికీ ఒకే వైఫై పేరు, ఒకే పాస్‌వర్డ్, ఒకే సెక్యూరిటీ రకం పెట్టండి. 2.4లో ఛానెల్ మాత్రం వేరు: ఒకదానికి 1, ఇంకోదానికి 6 లేదా 11. ఏ డబ్బాకి అతుక్కోవాలో నిర్ణయించేది ఫోనే, రూటర్ కాదు. ఐఫోన్లు సిగ్నల్ మైనస్ 70 డీబీఎం కన్నా పడిపోయాకే వేరేది వెతుకుతాయి. అందుకే పవర్ ఫుల్‌గా పెట్టకండి, మీడియంకి తగ్గించండి. ముందు గది సిగ్నల్ వెనక గదిలో కూడా పీలగా అందుతుంటే, ఫోన్ దాన్నే పట్టుకుని వేలాడుతుంది.

హిందూపురంలో మేడ మీద గదిలో కూర్చుని బెంగళూరు ఆఫీసు పని చేసేవాళ్లకి మీటింగ్‌లో చిన్న ఆటంకం కూడా వద్దంటే, 802.11 కే, వీ, ఆర్ అనే మూడూ ఉన్న ఒకే కంపెనీ యాక్సెస్ పాయింట్లు తీసుకోండి. కే పక్కన ఏవేం ఉన్నాయో ఫోన్‌కి చెప్తుంది, వీ ఎటు మారితే మంచిదో సూచిస్తుంది, ఆర్ మారేటప్పుడు సెక్యూరిటీ తంతు త్వరగా ముగిస్తుంది. పవర్ ఓవర్ ఈథర్‌నెట్ ఉన్నవైతే కరెంటు కూడా అదే కేబుల్‌లో పోతుంది. కింద స్విచ్‌కీ రూటర్‌కీ యూపీఎస్ ఉంటే, కరెంటు పోయినా పై గదిలో వైఫై ఆగదు.

పెనుకొండలో ఒక ఫ్రెండ్ ఇల్లు ఒకవైపు, గొడ్ల కొట్టం పక్కన చదువుకునే గది ఇంకోవైపు. మధ్యలో రాగి కేబుల్ ఆరుబయట వేలాడదీస్తానన్నాడు. వద్దన్నాను. దగ్గర్లో పిడుగు పడితే ఆ తీగ వెంట కరెంటు వచ్చి రెండు వైపులా డబ్బాలు కాలిపోవచ్చు. రెండు కట్టడాల మధ్య లోహపు తీగ లేని ఫైబర్ వేసి, రెండు చివర్లా మీడియా కన్వర్టర్లు పెట్టుకుంటే ఆ భయం లేదు.

అన్నీ అయ్యాక ఎవరికైనా వీడియో కాల్ చేసి ఇల్లంతా నడవండి. ధర్మవరంలో మేమూ అదే చేశాం. అక్కడ పెట్టింది పాత రూటరే కాబట్టి నడి గది దాటేటప్పుడు బొమ్మ ఒక్క క్షణం ఆగింది, మళ్లీ కదిలింది. కాల్ తెగలేదు. అవతల నుంచి "ఆ మగ్గం దగ్గరికి ఇంకొంచెం పో పాపా" అన్న మాట వినపడింది. ఆ అమ్మాయి మొహం చూడాలి మీరు.

మీ ఇంట్లో ఏ గది దగ్గర కాల్ ఆగుతుందో ఈ రోజే నడిచి చూసుకోండి. కేబుల్ పోవాల్సింది అక్కడికే. మళ్లీ కలుద్దాం, ఉంటాను.